యూజ్‌నెట్ గ్రూపుల్లో ఫొటో చూపించడం ఎలా?

ఇంటర్నెట్‌లో విషయాలవారీగా పోస్టులు రాసి చర్చించుకునే పాత వ్యవస్థ యూజ్‌నెట్. అందులోని చర్చా వేదికలైన న్యూస్‌గ్రూపుల్లో ఎక్కువ భాగం అక్షరాలకే పరిమితం. అక్కడ పోస్టుకు ఫొటో జత చేసి పంపితే చాలాసార్లు అది ఎవరికీ చేరదు. మీ సర్వర్ తీసుకున్నట్టే కనిపిస్తుంది, ఎర్రర్ కూడా రాదు, దారిలో ఏదో ఒక సర్వర్ దాన్ని పారేస్తుంది. సరైన పద్ధతి ఇది: ఫొటోను వేరేచోట పెట్టాలి, పోస్టులో లింకు ఇవ్వాలి, ఫొటోలో ఏముందో మాటల్లో కూడా రాయాలి. మూడోది చాలామంది వదిలేస్తారు. నిజానికి అన్నిటికన్నా ముఖ్యమైనది అదే. లింకు పోయినా పోస్టు మిగులుతుంది.

అటాచ్‌మెంట్ ఎందుకు కుదరదు?

1980 నుంచి నడుస్తున్న ఈ వ్యవస్థకు కేంద్రమంటూ లేదు. మీరు ఒక సర్వర్‌కు పంపిన పోస్టును అది పొరుగు సర్వర్లకు ఇస్తుంది, అవి తమ పొరుగు సర్వర్లకు ఇస్తాయి. అంటే మీ ఫొటోను ఎవరూ తెరవకపోయినా, ఆ గ్రూపును ఉంచే ప్రతి సర్వర్ డిస్కులోనూ ఒక కాపీ కూర్చుంటుంది.

పైగా పోస్టు ఆకారం అక్షరాల వరుసలే కాబట్టి ఫొటోను ముందు అక్షరాలుగా మార్చాలి. బేస్64 పద్ధతిలో ప్రతి 3 బైట్లు 4 అక్షరాలవుతాయి. 300 కిలోబైట్ల జేపెగ్ ఫొటో 400 కిలోబైట్లు దాటుతుంది. వరుసకు 76 అక్షరాల చొప్పున దాదాపు 5,400 వరుసల అర్థంలేని అక్షరాలు. అక్షరాలు మాత్రమే చూపే న్యూస్‌రీడర్ (పోస్టులు చదివే ప్రోగ్రాం) వాడేవాళ్లకు తెరపై కనిపించేది అదే. 2001లో వచ్చిన వైఎన్‌క్ పద్ధతి ఈ అదనపు బరువును ఒకటి, రెండు శాతానికి తగ్గించింది. కానీ దాని చోటు ఫొటోల లాంటి ఫైళ్ల కోసమే ఉన్న బైనరీ గ్రూపులు, అంటే పేరు ఆల్ట్.బైనరీస్‌తో మొదలయ్యేవి. ఎటర్నల్ సెప్టెంబర్ లాంటి ఉచిత సర్వర్లు ఆ గ్రూపులను అసలు ఉంచవు. మిగతా గ్రూపుల్లో ఇలాంటి అక్షరాల గుట్ట కనిపిస్తే క్లీన్‌ఫీడ్ లాంటి ఫిల్టర్లు ఆపేస్తాయి.

ఇక్కడ ఉదాహరణగా సై.ఎలక్ట్రానిక్స్.రిపేర్ లాంటి గ్రూపులో పాడైన పవర్ సప్లై బోర్డు ఫొటో చూపించి సలహా అడగడాన్ని తీసుకుందాం.

1. ఫొటో అవసరమా?

కెపాసిటర్ మీద 1000 మైక్రోఫారడ్, 25 వోల్ట్ అని ఉంటే ఆ మాట టైపు చేస్తే చాలు. కంప్యూటర్ ఎర్రర్ మెసేజ్‌కు స్క్రీన్‌షాట్ తీయకుండా ఆ అక్షరాలను కాపీ చేసి పెట్టండి. అవి వెతికితే దొరుకుతాయి, ఫొటోలోవి దొరకవు. సర్క్యూట్లు గీసి నడిపి చూసే ఎల్‌టీస్పైస్ ప్రోగ్రాంలో గీసిన సర్క్యూట్ ఫైలు స్వయంగా అక్షరాల ఫైలే, కాబట్టి చిన్న సర్క్యూట్ అయితే దాన్ని పోస్టులోనే అతికించవచ్చు. చదివేవారు తమ కంప్యూటర్‌లో నడిపి చూస్తారు కూడా. ఫొటోకన్నా అది ఎన్నో రెట్లు మేలు.

మాడిన మరక, ఉబ్బిన కెపాసిటర్, పగిలిన సోల్డర్ జాయింట్ లాంటివైతే ఫొటో కావాల్సిందే.

2. ఫొటో సిద్ధం చేయడం

ఫ్లాష్ ఆపేసి, కిటికీ వెలుతురులో తీయండి. ఫ్లాష్ వేస్తే సోల్డర్ మెరిసి పగుళ్లు కనిపించవు. బోర్డు పైవైపు ఒకటి, అడుగువైపు ఒకటి, అనుమానం ఉన్న భాగం దగ్గరగా ఒకటి: మూడు చాలు. పక్కన స్కేలు పెడితే భాగాల సైజు తెలుస్తుంది.

అనవసరమైన అంచులు కత్తిరించి, పొడవైన వైపు 1600 పిక్సెల్స్‌కు తగ్గించండి. జేపెగ్ క్వాలిటీ 80 దగ్గర పెడితే సాధారణంగా 200 నుంచి 500 కిలోబైట్లు వస్తుంది. స్క్రీన్‌షాట్లను, గీతల బొమ్మలను పీఎన్‌జీగా సేవ్ చేయండి. జేపెగ్‌లో అక్షరాల చుట్టూ మసక మచ్చలు వస్తాయి. ఐఫోన్ తీసే హెచ్‌ఈఐసీ ఫైళ్లు చాలా పాత కంప్యూటర్లలో తెరుచుకోవు. కెమెరా సెట్టింగుల్లో ఫార్మాట్స్‌కు వెళ్లి 'మోస్ట్ కంపాటబుల్' ఎంచుకుంటే జేపెగ్‌లోనే తీస్తుంది.

ఫొటో ఫైలులో మీ ఇంటి అక్షాంశ రేఖాంశాలు ఉండవచ్చు. విండోస్‌లో ఫైలు మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్, డీటెయిల్స్, ఆపై 'రిమూవ్ ప్రాపర్టీస్ అండ్ పర్సనల్ ఇన్ఫర్మేషన్' నొక్కి తీసేయండి. ఎక్సిఫ్‌టూల్ అనే ప్రోగ్రాం కూడా ఈ పని చేస్తుంది. అయితే ఫొటో నిలువా అడ్డమా అన్న సమాచారం కూడా అక్కడే ఉంటుంది. మొత్తం తుడిచేస్తే ఫొటో పక్కకు పడుకుంటుంది. అందుకని ముందు ఎడిటర్‌లో సరిగ్గా తిప్పి సేవ్ చేసి, తరువాత తుడవండి.

ఫైలు పేరులో ఇంగ్లిష్ చిన్న అక్షరాలు, అంకెలు, హైఫన్ మాత్రమే ఉండాలి. ఖాళీలు వద్దు. తెలుగు పేరు పెట్టాలని మనకు అనిపిస్తుంది, కానీ లింకులో ఒక్కో తెలుగు సంకేతం శాతం గుర్తులతో కలిపి 9 అక్షరాలవుతుంది. గుణింతం, సున్న, పొల్లు కూడా విడి సంకేతాలే. పది సంకేతాల చిన్న పేరుకే 90 అక్షరాల లింకు తయారై, వరుస మధ్యలో విరుగుతుంది.

3. ఎక్కడ పెట్టాలి?

సొంత వెబ్‌సైట్ ఉంటే అదే అన్నిటికన్నా మేలు, ఫోల్డర్ పేర్లు తరువాత మార్చనంత కాలం. సొంత సైటు లేనివారు ఏ సేవను నమ్ముకోవాలో జాగ్రత్తగా ఆలోచించాలి. ఫొటోబకెట్ 2017లో వేరే సైట్లలో బొమ్మలు చూపించడానికి ఏడాదికి దాదాపు 400 డాలర్లు అడగడంతో ఎన్నో చర్చల్లో బొమ్మలు మాయమయ్యాయి. డ్రాప్‌బాక్స్ పబ్లిక్ ఫోల్డర్ కూడా ఆ ఏడాదే ఆగింది. 2023లో ఇమ్‌గర్, ఖాతా లేకుండా ఎక్కించి ఎవరూ చూడకుండా పడి ఉన్న పాత బొమ్మలను తొలగించింది. కాబట్టి ఏ సేవ వాడినా ఖాతా తెరిచి అందులోంచే ఎక్కించండి. ఎక్కువ కాలం నిలవాలనుకుంటే ఇంటర్నెట్ ఆర్కైవ్ ఉంది. అందరూ స్వేచ్ఛగా వాడుకోవడానికి ఒప్పుకునేటట్టయితే, విజ్ఞానానికి పనికొచ్చే ఫొటోలకు వికీమీడియా కామన్స్ ఉంది.

ఫేస్‌బుక్ లింకులు వద్దు, చాలాసార్లు లాగిన్ అడుగుతుంది. డిస్కార్డ్‌లో ఎక్కించిన ఫైలు లింకును బయట పెడితే ఒక రోజులో పనిచేయడం మానేస్తుంది. గూగుల్ డ్రైవ్ అయితే షేర్ దగ్గర 'ఎనీవన్ విత్ ద లింక్' ఎంచుకోవాలి, లేదంటే చూడబోయినవాళ్లకు అనుమతి అడిగే పేజీ వస్తుంది. లింకును పొట్టి చేసే సేవలు కూడా వాడకండి. ఎక్కడికి వెళ్తున్నామో చదివేవారికి తెలియదు, ఆ సేవ మూతపడితే మీ ఫొటో బాగానే ఉన్నా దారి పోతుంది.

4. లింకు పరీక్ష

బ్రౌజర్‌లో ప్రైవేట్ విండో తెరిచి లింకు అతికించి చూడండి. మామూలు విండోలో మీరు లాగిన్ అయి ఉంటారు కాబట్టి అన్నీ బాగున్నట్టే కనిపిస్తుంది. వైఫై ఆపి ఫోన్ డేటా మీద ఇంకోసారి తెరవండి.

5. పోస్టు రాయడం

థండర్‌బర్డ్ ప్రోగ్రాంలో పోస్టులు రాసేవాళ్లు అకౌంట్ సెట్టింగ్స్‌లో కంపోజిషన్ అండ్ అడ్రసింగ్ పేజీకి వెళ్లి 'కంపోజ్ మెసేజెస్ ఇన్ హెచ్‌టీఎంఎల్ ఫార్మాట్' టిక్ తీసేయండి. ఫొటోను రాసే పెట్టెలోకి లాగి వదలకండి, అది అటాచ్‌మెంట్‌గా చేరిపోతుంది.

వరుస 72 అక్షరాలు దాటకూడదు. లింకును విడి వరుసలో రాసి, ముందు లెస్‌దేన్ గుర్తు (<), చివర గ్రేటర్‌దేన్ గుర్తు (>) పెట్టండి. ఆ రెండు గుర్తుల మధ్య ఉన్నదంతా ఒకే లింకని చాలా న్యూస్‌రీడర్లు గుర్తిస్తాయి. వాక్యం చివర పెట్టే చుక్క లింకుకు అంటుకుని పేజీ దొరకకపోవడం అనే పాత సమస్య కూడా దీంతో పోతుంది.

లింకు పైన ఇలా రాయండి:

"ఫొటో 1 (జేపెగ్, 320 కిలోబైట్లు): బోర్డు పైవైపు. ఎడమ మూలన ట్రాన్స్‌ఫార్మర్ పక్కన మూడు కెపాసిటర్లు ఉన్నాయి. మధ్యదాని తల ఉబ్బింది. దాని మీద 1000 మైక్రోఫారడ్, 25 వోల్ట్, 105 డిగ్రీలు అని ఉంది. దాని కింద బోర్డు గోధుమ రంగుకు మాడింది."

ఫొటో తెరవనివాళ్లు కూడా దీంతోనే సగం జవాబు ఇవ్వగలరు. తెర చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ వాడే చూపులేని పాఠకులకు అందేది కూడా ఈ వర్ణనే. "కింది ఫొటో చూడండి, ఏం చేయాలి?" అని వదిలేసిన పోస్టుకు జవాబులు తక్కువ.

6. ముందు టెస్ట్ గ్రూపులో

ఆల్ట్.టెస్ట్ లాంటి గ్రూపులోకి అదే పోస్టును పంపి, తిరిగి దించుకుని, లింకు ఒకే వరుసలో ఉందో లేదో చూడండి. అసలు గ్రూపులో పడ్డాక దిద్దుకోవడం కష్టం. పోస్టును వెనక్కి తీసుకునే క్యాన్సెల్ సందేశాలను చాలా సర్వర్లు పట్టించుకోవు. ఫొటో వేరేచోట ఉండటంలో ఒక లాభం ఇదే: పొరపాటున ఇంటి చిరునామా కనిపించే ఫొటో పెట్టినా అక్కడికి వెళ్లి తీసేయవచ్చు.

అక్షరాలతో బొమ్మ గీయాలంటే

నాలుగైదు భాగాల సర్క్యూట్‌కు ఫొటో వెతుక్కోనక్కర్లేదు. ఎలక్ట్రానిక్స్ గ్రూపుల్లో ఏఏసర్క్యూట్ అనే చిన్న ప్రోగ్రాంతో గీతలు, ప్లస్ గుర్తులు, చుక్కలు కలిపి బొమ్మ తయారు చేసి నేరుగా పోస్టులో అతికించడం పాత అలవాటు. అన్ని అక్షరాలకూ ఒకే వెడల్పు ఉండే కొరియర్ లాంటి ఫాంట్‌లో గీయండి. ట్యాబ్‌లు వద్దు, స్పేస్‌లే వాడండి, ఎందుకంటే ట్యాబ్ వెడల్పు ఒక్కో న్యూస్‌రీడర్‌లో ఒక్కోలా ఉంటుంది. బొమ్మ పైన "సమ వెడల్పు ఫాంట్‌లో చూడండి" అని ఒక వరుస పెట్టండి.

తెలుగువాళ్లకు ఇక్కడ ఒక చిక్కు ఉంది. తెలుగు అక్షరాల వెడల్పులు సమానం కావు, బొమ్మ లోపల తెలుగులో పేర్లు రాస్తే ఆ వరుసలో కుడివైపున్న గీతలన్నీ జరిగిపోతాయి. బొమ్మలో ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలే పెట్టి, వాటి వివరణ కింద తెలుగులో రాయండి. 1990ల్లో సాక్.కల్చర్.ఇండియన్.తెలుగు గ్రూపులో తెలుగు లిపి పంపే వీలు లేక, పద్యాలు కూడా ఇంగ్లిష్ అక్షరాల్లోనే రాసుకునేవారు. ఇప్పుడు యూనికోడ్ వల్ల లిపి బాగానే వెళ్తుంది, ఈ వెడల్పు సమస్య మాత్రం మిగిలింది.

లింకు పోయిందని ఎవరైనా చెబితే

కొత్త చర్చ మొదలుపెట్టకండి. మీ మొదటి పోస్టుకే రిప్లై ఇచ్చి కొత్త లింకు పెట్టండి. అది ఏ పోస్టుకు జవాబో చెప్పే, రిప్లైలో ఉండే రెఫరెన్సెస్ హెడర్ వల్ల అది పాత పోస్టు కిందే కనిపిస్తుంది, తరువాత చదివేవాళ్లు ఫొటోను, దాని మీద వచ్చిన జవాబులను ఒకేచోట చూడగలుగుతారు. పాత వర్ణనను కూడా ఆ రిప్లైలో మళ్లీ అతికించండి. కొన్ని సర్వర్లు పాత పోస్టులను కొంతకాలానికి తీసేస్తాయి, అక్కడ చదివేవారికి మీ మొదటి పోస్టు అసలు దొరకకపోవచ్చు.