ఉచ్చులు అడుగున పడితే పై దారం చూడండి

మిషన్ మీద జాకెట్టు కుడుతుంటే బట్ట అడుగున దారం ఉచ్చులుగా పేరుకుపోతోందా? అందరం ముందు బాబిన్‌నే, అంటే అడుగు దారం చుట్టి ఉండే చిన్న చక్రాన్నే, అనుమానిస్తాం. నేనైతే బెంగళూరులో మారతహళ్లి నుంచి చిక్‌పేట దాకా వెళ్లి, బాబిన్‌ని పెట్టే డబ్బీ, అదే బాబిన్ కేస్, కొత్తది కొనుక్కొచ్చాను. ఒక పూట ట్రాఫిక్‌కి పోయింది, ఉచ్చులు మాత్రం పోలేదు.

రెండు దారాలూ బట్ట మందం మధ్యలో ముడిపడాలి. పై దారం వదులైతే ఆ ముడి కిందికి జారిపోతుంది. అందుకే లోపం పైనున్నా ఉచ్చులు అడుగున కనిపిస్తాయి. బాబిన్ దారం చుక్కలుగా పైకి తేలుతుంటే పై దారం టెన్షన్ (బిగువు) ఎక్కువైనట్టు, లేదా బాబిన్ వదులైనట్టు.

నా పొరపాటు ఏమిటంటే, బట్టను నొక్కిపట్టే మిషన్ పాదం దించి పై దారం ఎక్కించడం. పాదం ఎత్తితేనే పై దారాన్ని బిగించే టెన్షన్ బిళ్లలు విడివడి దారం వాటి మధ్యకు దిగుతుంది. లేకపోతే అంచునే ఉండిపోతుంది, ఇక టెన్షన్ మార్చే నాబ్ ఎంత తిప్పినా లాభం లేదు. ఎక్కించాక పాదం దించి దారం లాగి చూడండి, బిగువు చేతికే తెలుస్తుంది.

ఆ తర్వాతే నాబ్ ముట్టుకోండి. కుట్టబోయే బట్ట ముక్కనే రెండు మడతలు వేసి, పైన ఎరుపు, కింద తెలుపు దారంతో నాలుగు కుట్లు వేస్తే తేడా ఇట్టే కనబడుతుంది.

బాబిన్ కేస్‌ని దారంతో వేలాడదీసి చిన్నగా కుదిపితే కాస్త జారి ఆగాలి. సర్రున దిగిపోతే కేస్ మీదున్న స్క్రూ కొద్దిగా బిగించండి. అంతకుముందు కేస్ మీద దారాన్ని నొక్కిపట్టే స్ప్రింగ్ కింద ఇరుక్కున్న నూలు పీచు తీసెయ్యండి, చాలాసార్లు దొంగ అదే.