సిక్కోలులో సేవా సంఘం నడపాలంటే: జులై నుంచి జూన్ దాకా

సేవా సంఘానికి రెండు క్యాలెండర్లుంటాయి. కార్యవర్గం జులై 1న మారుతుంది. రోటరీ, లయన్స్ వాళ్ల పద్ధతి అదే. లెక్కల ఏడాది ఏప్రిల్‌లో మొదలై మార్చిలో ముగుస్తుంది. సిక్కోలులో, అంటే శ్రీకాకుళం జిల్లాలో మూడోది కూడా ఉంది: ఊడ్పులు, తుఫాన్లు, కోతలు, సంక్రాంతి, జీడి, వేట నిషేధం. మొదటి రెండూ ఈ మూడో దానికి లొంగాల్సిందే. వైద్య శిబిరం పెడితే జనం రాలేదని బాధపడే సంఘాలు చాలావరకు దాన్ని చూడకుండానే తేదీ వేసుకున్నవి.

జులై మొదటి సమావేశంలో ఒక పెద్ద కాగితం మీద పన్నెండు నెలలూ గీసి, ముందు ఊళ్లో పనులు రాయండి, ఆ తర్వాతే మీ కార్యక్రమాలు. జులై, ఆగస్టుల్లో కూలీలంతా పొలాల్లోనే ఉంటారు కాబట్టి వైద్య శిబిరాలు వద్దు, బడి పనులు చూసుకోండి. నోటు పుస్తకాలు కొనేముందు ప్రధానోపాధ్యాయుణ్ణి అడగండి. ప్రభుత్వ బడి పిల్లలకు పుస్తకాలు, సంచీ, బూట్లు కిట్‌లోనే వస్తాయి. లేనిది మరుగుదొడ్డికి కుళాయో, తాగునీటి ఫిల్టరో కావచ్చు. మొక్కలు కూడా వానలుండగానే నాటాలి. వందల లెక్కన వద్దు, నీళ్లు పోసే మనిషి పేరు ఎదురుగా రాయగలిగినన్నే నాటండి. తీరం ఊళ్లలో పొన్న, కానుగ, వేప నిలబడతాయి.

రక్తదానం

సెప్టెంబరులో జ్వరాలు పెరుగుతాయి, రక్తం అవసరమూ పెరుగుతుంది. లైసెన్సున్న రక్త కేంద్రం వాళ్లతో కనీసం మూడు వారాల ముందు మాట్లాడి, ఎన్ని యూనిట్లు తీసుకోగలరో వాళ్లనే అడగండి. సాధారణ సంచిలో రక్తం 35 రోజులే నిల్వ ఉంటుంది. ఒకే రోజు 200 మందిని పోగుచేస్తే కొంత పారబోయాల్సి వస్తుంది, మరుసటి నెల మళ్లీ కొరతే. ఏడాదికి నాలుగు శిబిరాలు, ఒక్కోదానికి 40, 50 మంది, అదే సరైన లెక్క.

దాతకు 18 నుంచి 65 ఏళ్ల వయసు, కనీసం 45 కిలోల బరువు, డెసిలీటరు రక్తంలో 12.5 గ్రాముల హిమోగ్లోబిన్ ఉండాలి. మగవాళ్లు మూడు నెలలకు, ఆడవాళ్లు నాలుగు నెలలకు ఒకసారి ఇవ్వొచ్చు. కళ్లు తిరిగి పడిపోయేవాళ్లలో ఎక్కువమంది పొద్దున ఏమీ తినకుండా వచ్చినవాళ్లే. అందుకే టిఫిను సూది తర్వాత కాదు, ముందు పెట్టండి. ఇచ్చాక పదిహేను నిమిషాలు కూర్చోబెట్టి, వెంటనే బండి నడపనివ్వొద్దు. హిమోగ్లోబిన్ తక్కువని వెనక్కి పంపిన ఆడపిల్లల పేర్లు విడిగా రాసుకుని, ఆరోగ్య కేంద్రంలో చూపించుకున్నారో లేదో కనుక్కోవాలి. శిబిరం వల్ల వాళ్లకు జరిగే మేలు అదే.

అక్టోబరు

ఫైలిన్ 2013 అక్టోబరు 12న, హుద్‌హుద్ 2014లో అదే తేదీన, తిత్లీ 2018 అక్టోబరు 11న తీరం దాటిన తుఫాన్లు. కాబట్టి సెప్టెంబరు 30 నాటికి గోదాములో సరుకు సిద్ధంగా ఉండాలి. ఏడాది నిధిలో మూడో వంతు దీనికని పక్కన పెట్టి, నవంబరు నెలాఖరు దాకా వేరే పనికి ముట్టుకోవద్దు.

తిత్లీకి జిల్లా తీరంలోని ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. రోడ్ల మీద చెట్లు పడ్డాయి, కరెంటు పోయింది. కరెంటు లేకపోతే బోరు నడవదు, బోరు నడవకపోతే ఊరికి నీళ్లుండవు. అందుకే బియ్యం మూటల కంటే ముందు కావలసినవి పెట్రోలు రంపం, జనరేటరు. 2 హెచ్‌పీ మోటారు మొదలయ్యేటప్పుడు లాగే కరెంటు నడిచేటప్పటికి కొన్ని రెట్లు. 5 కేవీఏ కంటే చిన్న జనరేటరు తెస్తే అక్కడే ఆగిపోతుంది. మోటారు సింగిల్ ఫేజా, త్రీ ఫేజా అన్నది ఊరి వారీగా ముందే రాసి పెట్టుకోండి. రెండు యంత్రాలనూ నెలకోసారి పది నిమిషాలు నడపాలి. పాత పెట్రోలు కార్బురేటరులో జిగురు కట్టి, అవసరమైన రోజునే మొరాయిస్తుంది.

టార్పాలిన్‌తో పాటు తాడు కూడా ఇవ్వాలి, లేకపోతే మొదటి గాలికే పోతుంది. అన్నం పొట్లాలు వేడి మీద కడితే నాలుగైదు గంటల్లో పులుస్తాయి. పులిహోర చేసి, పూర్తిగా ఆరాక కట్టండి, సాంబారన్నం జోలికి పోవద్దు. పాత బట్టలు అసలు తీసుకోవద్దు. వాటిని ఏరడానికే పదిమంది రెండు రోజులు కూర్చోవాలి. కొత్త లుంగీలు, నైటీలు, తువ్వాళ్లు, శానిటరీ ప్యాడ్లు, దోమల చక్రాలు చాలు.

సంక్రాంతి, ఆ తర్వాత

హైదరాబాదుకో, చెన్నైకో, విజయవాడకో వలస వెళ్లిన మనవాళ్లు ఊరికొచ్చేది పండక్కే. ఏడాది చందాలకు అదే అదను. కనుమ నాడు సభ పెట్టొద్దు, ఎవరూ రారు. ముక్కనుమ ఉదయం పెట్టండి, సాయంత్రానికి రైళ్లెక్కేస్తారు. నిరుటి ఖర్చుల కాగితం చేతికిచ్చాకే కొత్త చందా అడగాలి. మీ సంఘానికి 80జీ గుర్తింపు (దాతకు ఆదాయపు పన్నులో మినహాయింపు ఇచ్చేది) ఉంటే, రూ.2,000 దాటిన నగదుకు ఆ మినహాయింపు రాదని ముందే చెప్పి, ఆ పైన మొత్తాలు బ్యాంకు ద్వారానే తీసుకోండి.

కంటి శిబిరం ఫిబ్రవరిలో. కోతలు, నూర్పిళ్లు అయిపోయి ఉంటాయి, ఎండలు ఇంకా ముదరవు, శుక్లం ఆపరేషనయ్యాక కంట్లో దుమ్ము, చెమట పడకుండా కాపాడుకోవడం తేలిక. ఊళ్లో జరిగేది పరీక్ష మాత్రమే. ఆపరేషన్ ఆసుపత్రి థియేటర్లోనే జరగాలి, బడి గదుల్లో ఎవరు చేస్తామన్నా ఒప్పుకోవద్దు. చూపు చూసే రోజే బీపీ, షుగరు కూడా చూడాలి. షుగరు ఎక్కువున్నవాళ్లను ఆసుపత్రి దాకా తీసుకెళ్లి వెనక్కి తెస్తే మళ్లీ రారు.

పేరు రాయించుకుని బస్సెక్కనివాళ్లు ప్రతిచోటా ఉంటారు. చాలామందికి భయం కాదు, ఇంట్లో మనిషి లేకపోవడం: కొడుకు, కోడలు వలసలో ఉంటారు, చుక్కల మందు వేసే దిక్కుండదు. ఈ మందు కొన్ని వారాల పాటు రోజుకు చాలాసార్లు వేయాలి. కాబట్టి రిజిస్టరులో ‘చుక్కలు వేసేదెవరు’ అన్న గడి పెట్టి, పక్కింటి అమ్మాయో, ఆశా కార్యకర్తో ఒప్పుకున్నాకే ఆపరేషన్ తేదీ తీసుకోండి. మర్నాడు, వారానికి, నెలకు తిరిగి చూపించాల్సిన తేదీలూ అదే వరుసలో ఉండాలి. రెండో కంటికి మిగిలినవాళ్ల పేర్ల కింద ఎర్ర గీత.

ఉద్దానంలో శిబిరం పెడితే ఒక జాగ్రత్త తప్పనిసరి. అక్కడ చాలామందిని పీడిస్తున్న కిడ్నీ జబ్బుకు కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. కానీ డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు దెబ్బతిన్న కిడ్నీని ఇంకా దెబ్బతీస్తాయన్నది ఖాయం. ఒళ్లు నొప్పులన్న ప్రతివాళ్లకూ మాత్రలు పంచే శిబిరం కంటే శిబిరం లేకపోవడమే నయం. డబ్బుంటే డయాలసిస్ రోగుల ఆటో ఖర్చు భరించండి. వారానికి రెండు, మూడు సార్లు వెళ్లిరావాలి, కూలికి పోలేని ఇంటికి అదే పెద్ద బరువు. మార్చి నుంచి జీడి పిక్కల పని మొదలవుతుంది, ఆ ఊళ్లలో సభలన్నీ సాయంత్రాలే.

ఎండాకాలం

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో మరపడవల వేట ఉండదు. మత్స్యకార పల్లెల్లో మగవాళ్లు ఇంటిపట్టున దొరికే రోజులివే. బీపీ, షుగరు పరీక్షలు అప్పుడే పెట్టండి.

చలివేంద్రానికి వంద మందికి 20 లీటర్ల మజ్జిగ: నాలుగు లీటర్ల గట్టి పెరుగు, 16 లీటర్ల నీళ్లు, వంద గ్రాముల ఉప్పు, అల్లం, పచ్చిమిర్చి, కరివేపాకు దంచి వడకట్టిన రసం. నిమ్మ మాత్రం ముందే పిండొద్దు. కుండలు రోజూ రాత్రి కడిగి బోర్లించాలి. గ్లాసు ముంచడం ఆపాలంటే అడుగున కుళాయి ఉన్న కుండ కొనండి. చలివేంద్రాలు పాడయ్యేది రెండో వారంలో, ప్రారంభానికొచ్చినవాళ్లంతా వెళ్లిపోయాక. నీళ్లు నింపే మనిషికి రోజు కూలి ఇవ్వండి, స్వచ్ఛందం మీద వదలొద్దు.

80జీ రసీదులిచ్చిన సంఘం మే 31లోగా దాతల వివరాల ఫారం (10బీడీ) దాఖలు చేయాలి, ఆలస్యమైతే రోజుకింత రుసుం పడుతుంది. జూన్ నెలాఖరులో కొత్త కార్యదర్శికి అప్పగించాల్సినవి: బ్యాంకు సంతకాల మార్పు కాగితాలు, ఆడిట్‌కిచ్చిన రసీదు పుస్తకాలు, రక్తదాతల గ్రూపుల పట్టిక, గోదాము తాళం, జనరేటరు చివరిసారి నడిపిన తేదీ, ఎర్ర గీతలున్న కంటి రిజిస్టరు.