ఊళ్ళో తిరగడానికి చవకలో సెకండ్ హ్యాండ్ ఓపెన్ టాప్ కారు కొనడం ఎలా?

పాత కన్వర్టిబుల్ (టాప్ తెరుచుకునే కారు) చూడ్డానికి వెళ్ళినవాళ్ళు దాదాపు అందరూ ముందు బానెట్ ఎత్తి ఇంజిన్ చూస్తారు, నేనైతే ముందు వంగి కాళ్ళ కింద కార్పెట్ తడిమి చూడమంటా. ఎందుకంటే ఇంజిన్ పాడైతే ఏదోరకంగా బాగుచేయించొచ్చు, పార్ట్ దొరుకుతుంది, మెకానిక్ దొరుకుతాడు, కానీ ఏళ్ళ తరబడి టాప్‌లోంచి నీళ్ళు దిగి కింద నేల తుప్పు పట్టిపోయిన కారుని బాగుచేయాలంటే కారు కొన్నదానికంటే ఎక్కువే అవుతుంది. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకుంటే కింద రాసినదంతా తేలిగ్గా అర్థమవుతుంది.

ముందు మీ వాడకం ఏంటో తేల్చుకోండి

ఊళ్ళో చిన్న చిన్న పనులకి, సాయంత్రం అలా ఓ చుట్టు చుట్టి రావడానికి అయితే పెద్ద ఇంజిన్ అక్కర్లేదు, స్పీడు అక్కర్లేదు. కావాల్సింది చిన్న సైజు, తేలిగ్గా తిరిగే స్టీరింగ్, సులువుగా తెరుచుకునే టాప్. టాప్ తియ్యడానికి ఐదు నిమిషాలు పట్టే కారు అయితే పది నిమిషాల ప్రయాణానికి మీరు దాన్ని ఎప్పటికీ తియ్యరు, మూసిన టాప్‌తోనే తిరుగుతారు, ఇక కొన్న ప్రయోజనం ఏముంది. ఇంట్లో ఇంకో మామూలు కారు ఉందా లేదా అన్నది కూడా చూస్కోండి. ఇదొక్కటే కారు అయితే మాత్రం వింత కార్ల జోలికి వెళ్ళకండి, పార్ట్ కోసం మూడు వారాలు ఆగాల్సి వస్తే మీ పనులన్నీ ఆగిపోతాయి.

ఇంకోటి, పైన కప్పు ఉన్న పార్కింగ్ లేకపోతే నా సలహా వాయిదా వేస్కోమనే. చెట్టు కింద పెట్టడం ఇంకా ఘోరం, ఎందుకో తర్వాత చెప్తా.

టాప్ ఏ రకమో చూస్కోండి

చేత్తో మడిచే గుడ్డ టాప్ అన్నిటికంటే మంచిది అని నా గట్టి అభిప్రాయం. మాజ్డా ఎంఎక్స్-5 మొదటి తరంలో (1989లో వచ్చింది) ముందు అద్దం పైన రెండు క్లిప్పులు ఊడదీసి వెనక్కి నెట్టేస్తే అయిపోతుంది, సీట్లోంచి లేవక్కర్లేదు, మోటార్ లేదు, పాడవ్వడానికి ఏమీ లేదు. కాకపోతే దాని వెనక కిటికీ ప్లాస్టిక్‌ది, జిప్ తీసి పడుకోబెట్టాకే టాప్ మడవాలి, లేకపోతే మడత దగ్గర గీతలు పడి చివరికి చీలుతుంది. 1998లో వచ్చిన రెండో తరానికి గాజు కిటికీ ఇచ్చారు.

రెండోరకం కరెంటు మీద డిక్కీలోకి మడిచిపోయే గట్టి రూఫ్. 2000లో వచ్చిన ప్యూజో 206 సీసీ, 2005లో వచ్చిన నిస్సాన్ మైక్రా సీ+సీ లాంటివి. మూస్తే మామూలు కారులాగే ఉంటుంది, భద్రత కూడా ఎక్కువే, కానీ పంపు, మోటార్లు, వైర్లు, అక్కడక్కడా చిన్న చిన్న స్విచ్‌లు, వీటిలో ఒక్క స్విచ్ సరిగ్గా సిగ్నల్ ఇవ్వకపోయినా మొత్తం రూఫ్ సగంలో ఆగిపోతుంది. ఇక్కడ కొనేవాళ్ళకి పనికొచ్చే సంగతి ఒకటుంది. ఇలాంటి కార్లలో డిక్కీలో ఒక తెర లాంటిది ఉంటుంది, సామాను రూఫ్‌కి తగలకుండా, అది లాగి సరిగ్గా తగిలించకపోతే రూఫ్ అసలు కదలదు. బ్యాటరీ బలహీనంగా ఉన్నా అంతే. ఈ రెండూ చూడకుండానే "రూఫ్ పనిచేయదు" అని చవగ్గా అమ్మేసేవాళ్ళు ఉంటారు. అలాగని రూఫ్ పనిచేయని ప్రతి కారూ ఇదే అనుకోవద్దు, మీ కళ్ళముందు పనిచేస్తేనే పనిచేసే రూఫ్ ధర ఇవ్వండి.

ఏ కార్లు చూడొచ్చు

ఇది రుచికి సంబంధించింది కాబట్టి నాకు ఇష్టమైనవి చెప్తా. కాస్త వింతగా, చూడగానే నవ్వొచ్చేలా ఉండాలంటే నిస్సాన్ ఫిగారో. 1991లో చేసింది, మొత్తం 20,000 కార్లే, జనం అంతగా ఎగబడితే లాటరీ తీసి ఇచ్చారు. చూడ్డానికి 1950ల కారులా ఉంటుంది గానీ లోపల అప్పటి మైక్రా భాగాలే, 1 లీటర్ టర్బో ఇంజిన్, 3 గేర్ల ఆటోమేటిక్. నాలుగు రంగుల్లో వచ్చింది, ఒక్కో రంగు ఒక్కో ఋతువుకి. 3 గేర్లతో పెద్ద రోడ్డు మీద హోరెత్తిపోతుంది గానీ ఊళ్ళో తిరగడానికి అంత ముద్దొచ్చే కారు ఇంకోటి లేదు. ముద్దొచ్చే కార్లతో చిక్కు ఏంటంటే వాటి ధర పెద్దగా తగ్గదు, తుప్పు మీద రంగు కొట్టి అమ్మడం కూడా ఎక్కువే.

జపాన్ వాళ్ళ 660 సీసీ లోపు బుల్లి కార్లలో సుజుకి కాపుచినో, హోండా బీట్, డైహట్సు కోపెన్ ఉన్నాయి. కాపుచినో రూఫ్ పలకలు పలకలుగా ఊడొస్తుంది, ఎన్ని తీస్తే అంత ఓపెన్. బీట్‌కి ఇంజిన్ సీట్ల వెనకాల ఉంటుంది, టర్బో లేదు. 2002లో వచ్చిన కోపెన్‌కి అంత చిన్న కారులో కూడా మడిచే కరెంటు రూఫ్ పెట్టారు. ఇవి మీరు ఉండే చోట రిజిస్టర్ అవుతాయా, స్టీరింగ్ ఏ పక్క ఉండొచ్చు, పార్ట్స్ ఎన్ని రోజుల్లో వస్తాయి, ఇవి ముందే కనుక్కోండి, కారు నచ్చాక కనుక్కుంటే మనసు ఒప్పుకోదు.

సిట్రోయెన్ సీ3 ప్లూరియల్ (2003) చాలా చవగ్గా దొరుకుతుంది, దానికి కారణం కూడా ఉంది. పూర్తిగా ఓపెన్ చెయ్యాలంటే పక్కనుండే రెండు కమానులు ఊడదియ్యాలి, ఊడదీశాక వాటిని పెట్టడానికి కారులో చోటు లేదు, ఇంట్లో పెట్టి బయల్దేరాలి. దారిలో వాన వస్తే ఇక అంతే. అయితే ఇంటి చుట్టుపక్కల పది నిమిషాల తిరుగుడుకి అది పెద్ద లోపం కాదు, ఆకాశం చూసి బయల్దేరేవాళ్ళకి సరిపోతుంది. స్మార్ట్ ఫోర్‌టూ కేబ్రియో టాప్ అయితే కారు నడుస్తుండగానే బటన్ నొక్కి తెరవొచ్చు, పార్కింగ్‌కి దాన్ని మించింది లేదు.

ఎంజీ ఎఫ్ కూడా చవకే, నడపడానికి హాయిగా ఉంటుంది, కానీ దాని రోవర్ కె-సిరీస్ ఇంజిన్‌కి హెడ్ గాస్కెట్ (ఇంజిన్ పై భాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే సీలు) పోవడం అందరికీ తెలిసిన సమస్య, పాతది తీసి మంచి గాస్కెట్ వేయించిన బిల్లు ఉన్నది దొరికితేనే చూడండి. ఏది కొనాలో తేల్చుకోలేకపోతే ఎంఎక్స్-5 కొనండి. 2016కే పది లక్షలు తయారయ్యాయి కాబట్టి పార్ట్స్ గురించి బెంగ ఉండదు.

తడి వెతకండి

అసలు పని ఇదే, దీనికి అరగంట కేటాయించండి, అమ్మేవాళ్ళు తొందరపెడితే ఇంకో రోజు వస్తామని చెప్పండి. వీలైతే వానాకాలంలో కొనండి, అప్పుడు ఓపెన్ కార్లకి గిరాకీ తక్కువ, కారితే అప్పుడే తెలిసిపోతుంది కూడా.

తలుపు తియ్యగానే వాసన చూడండి. ముక్కిపోయిన వాసన, తడిబట్ట వాసన వస్తే ఎక్కడో నీళ్ళు నిలుస్తున్నాయి. మరీ ఘాటుగా సెంటు కొట్టి ఉన్నా అనుమానించండి. కార్పెట్ పైన పొడిగా ఉండొచ్చు, అందుకే వేళ్ళు కిందకి పోనిచ్చి అడుగున ఉన్న స్పాంజిని నొక్కి చూడండి, సీట్ల వెనకాల, కాళ్ళ దగ్గర, డిక్కీలో స్టెప్నీ గుంటలో. సీట్ బెల్ట్ చివరి దాకా బయటకి లాగండి, బూజు మచ్చలు ఉంటే ఆ బెల్ట్ చుట్టుకునే చోటికి నీళ్ళు వస్తున్నాయన్నమాట. నేను ఒకసారి ఇవన్నీ చూడకుండా పైన రంగు మెరుపు చూసి ఒక కారు తీస్కున్నా, మొదటి వానకి డ్రైవర్ సీటు కింద రెండంగుళాల నీళ్ళు, అక్కడే వైరింగ్ కనెక్టర్ ఉంది, అది పచ్చగా చిలుం పట్టి కారు ఎప్పుడు స్టార్ట్ అవుతుందో ఎప్పుడు అవ్వదో తెలిసేది కాదు. ఆ బాధ ఇంకొకళ్ళు పడకూడదనే ఇంత విడమరిచి చెప్తున్నా.

నీళ్ళు ఎలా వస్తాయో తెలిస్తే వెతకడం తేలిక. గుడ్డ టాప్ మీద పడిన వాన వెనక భాగంలో ఒక కాలువ లాంటి దాంట్లోకి చేరి, రెండు పక్కలా గొట్టాల్లోంచి కిందకి పోతుంది. ఆ గొట్టాల్లో ఆకులు, మట్టి చేరితే (చెట్టు కింద వద్దన్నది ఇందుకే) నీళ్ళు పొంగి తలుపు కింద ఉండే గడప లోపలికి, కార్పెట్ కిందకి దిగుతాయి. ఆ గడప లోపలి నుంచి తుప్పు పట్టుకుంటూ వస్తుంది, బయటకి బుడగలా రంగు ఉబ్బేసరికి లోపల సగం పోయి ఉంటుంది. మామూలు కారుకి రూఫ్ కూడా బలమే, కన్వర్టిబుల్‌కి ఆ గడపలు, కింద నేలే ఆధారం. కాబట్టి అక్కడ తుప్పు అంటే వెన్నెముక పోయినట్టే.

దీనికొక చిన్న పరీక్ష ఉంది. టాప్ తీసేసి ఇద్దరు లోపల కూర్చోండి, తలుపులు రెండుమూడుసార్లు తీసి వెయ్యండి. ఖాళీగా ఉన్నప్పుడు బాగా పడి, మనుషులు కూర్చున్నాక బిగుసుకుంటుంటే కారు నడుం వంగుతోంది, అక్కడితో నమస్కారం పెట్టి వచ్చేయండి.

తర్వాత టాప్ మూసి, ఒక బకెట్ నీళ్ళు అడిగి నెమ్మదిగా పైనుంచి పొయ్యండి, కిటికీ రబ్బరు బీడింగుల వెంబడి, ముందు అద్దం అంచు మీద. కింద చక్రాల దగ్గర నీళ్ళు చకచకా బయటకి వస్తే గొట్టాలు బాగున్నాయి. టాప్ రెండుసార్లు తెరిచి మూయించండి, కుట్లు, మడతల దగ్గర అరుగుదల, కిటికీ మసకబారిందా, అన్నీ చూడండి. కొత్త గుడ్డ టాప్ వెయ్యడం ఖరీదైన పని, అది బేరంలో గట్టిగా పట్టుకోవాల్సిన పాయింట్.

ఇంజిన్, డ్రైవింగ్

ముందే ఫోన్ చేసి మీరొచ్చేదాకా స్టార్ట్ చెయ్యొద్దని చెప్పండి, వెళ్ళగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చల్లగా ఉందో లేదో చూడండి. చల్లటి ఇంజిన్ నిజం చెప్తుంది. ఆయిల్ మూత తీస్తే అడుగున తెల్లగా మీగడలా కనిపిస్తే భయపడిపోకండి, చిన్న చిన్న ప్రయాణాలే చేసే కార్లలో ఇంజిన్ పూర్తిగా వేడెక్కక లోపలి ఆవిరి నీళ్ళయి ఆయిల్‌తో కలిసి అలా అవుతుంది. కానీ కూలెంట్ కూడా తగ్గి ఉండి, సైలెన్సర్ నుంచి ఇంజిన్ వేడెక్కాక కూడా తెల్లటి పొగ వస్తుంటే అది గాస్కెట్టే. టైమింగ్ బెల్ట్ (ఇంజిన్ లోపలి భాగాలు ఒక లెక్కలో తిరిగేలా చేసే బెల్ట్) ఉన్న ఇంజిన్ అయితే మార్చిన బిల్లు చూపించమనండి, "మార్చాం" అనే మాట లెక్క కాదు. బెల్ట్‌కి కిలోమీటర్లతో పాటు ఏళ్ళ గడువు కూడా ఉంటుంది.

డీజిల్ కన్వర్టిబుల్ మాత్రం ఈ పనికి వద్దు. పొగలో మసిని పట్టే ఫిల్టర్ ఉన్నవి అయితే అది శుభ్రపడాలంటే ఇంజిన్ బాగా వేడెక్కి కొంతసేపు నడవాలి, పది నిమిషాల తిరుగుడుకి అది మూసుకుపోతుంది.

టైర్ల అరుగుదల కంటే వయసు చూడండి. పక్కన గోడ మీద 4 అంకెలు ఉంటాయి, 2319 అంటే 2019లో 23వ వారం. తక్కువ తిరిగిన కార్లకి అరగని టైర్లు ఉండి కూడా రబ్బరు గట్టిపడి రోడ్డుని పట్టదు.

నడిపేటప్పుడు టాప్ మూసి ఒకసారి, తెరిచి ఒకసారి నడపండి, గతుకుల రోడ్డు ఎంచుకోండి. స్టీరింగ్, అద్దం కాస్త వణకడం ఈ కార్లకి మామూలే, టపటపా కొట్టుకుంటే మాత్రం కాదు. టాప్ మూసినప్పుడు వెనక పక్కలకి ఏం కనపడుతుందో చూస్కోండి, రివర్స్ చేసి చూడండి. దిగడం ఎక్కడం కూడా పదిసార్లు చెయ్యండి, ఊళ్ళో తిరిగితే రోజూ చేసేది అదే కదా, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి అంత కిందగా ఉండే సీటు నరకం.

కాగితాలు, డబ్బు

ఛాసిస్ నంబరు కాగితంలో ఉన్నదీ కారు మీద ఉన్నదీ ఒకటేనా, లోన్ బాకీ ఉందా, ఇన్సూరెన్స్ ఎంత అడుగుతున్నారు, ఇవి ఏ పాత కారుకైనా చూసేవే. మీ దగ్గరున్న డబ్బు మొత్తం కారుకి పెట్టేయకండి, నా లెక్కలో మూడో వంతు పక్కన ఉంచుకోవాలి, మొదటి ఏడాది అది తప్పకుండా అవసరం అవుతుంది.

ఇంటికి తెచ్చాక

మొదటి రోజే ఆ నీళ్ళ గొట్టాలు శుభ్రం చెయ్యండి. మెత్తగా వంగే ప్లాస్టిక్ తీగ లోపలికి పోనిచ్చి మెల్లగా ఆడించి, కొంచెం కొంచెం నీళ్ళు పోస్తూ కడగాలి. గాలి పైపు పెట్టి గట్టిగా కొట్టొద్దు, లోపల గొట్టం జాయింట్ ఊడిపోతే అదో కొత్త లీకు. ఏడాదికి రెండుసార్లయినా ఇది చెయ్యండి. తడిగా ఉన్న టాప్‌ని మడిచి పెట్టొద్దు, బూజు పడుతుంది. కరెంటు రూఫ్ అయితే ఇంజిన్ ఆన్‌లో ఉండగానే ఆడించండి, బ్యాటరీ మీద భారం పడదు.

విలువైనవి ఏవీ కారులో వదలకండి, గుడ్డ టాప్‌ని కోసి లోపలికి చెయ్యి పెట్టడం దొంగకి ఒక్క నిమిషం పని, పోయిన వస్తువు కంటే కోసిన టాప్ ఖర్చే ఎక్కువ.

వారానికి ఒక్కసారైనా అరగంట ఆపకుండా కొంచెం దూరం నడిపి రండి. ఆయిల్‌లో చేరిన నీళ్ళు ఆవిరైపోతాయి, సైలెన్సర్ లోపల తడి ఆరుతుంది, బ్యాటరీ నిండుతుంది. ఆ అరగంటకి టాప్ తీసి వెళ్ళండి, సాయంత్రం ఎండ తగ్గాక అయితే ఇంకా బావుంటుంది.