హారర్‌క్లిక్స్ మొదలుపెట్టే ముందు జాగ్రత్తలు

హారర్ కథల్లోని దెయ్యాలు, రాక్షసుల చిన్న బొమ్మలతో బల్ల మీద ఆడే ఆట ఇది. విజ్‌కిడ్స్ సంస్థ 2006లో తెచ్చింది. కొత్త బొమ్మలు రావడం ఆగిపోయి చాలా ఏళ్లయింది కాబట్టి మీకు దొరికేవి ఎక్కువగా పాతవే. కొనే ముందు ఇవి చూసుకోండి.

• ముందుగా డయల్. బొమ్మ కింద గుండ్రటి పీఠం తిప్పితే చిన్న కిటికీలో వేగం, దాడి, రక్షణ, అది కొట్టే దెబ్బ అంకెలు మారుతుంటాయి. ఆటలో బొమ్మకు దెబ్బ తగిలిన ప్రతిసారీ తిప్పాల్సింది దీన్నే. ఒక పూర్తి చుట్టు తిప్పి చూడండి. పట్టేసినా, మరీ వదులుగా జారిపోతున్నా ఆ బొమ్మ వద్దు. ఫొటో చూసి కొంటుంటే కిటికీ కనిపించే ఫొటో అడగండి.

• ఆట కార్డులు, రూల్‌బుక్, మ్యాప్ ఉన్నాయో లేదో చూడండి. డయల్‌లో అంకెలతో కనిపించే రంగుల అర్థం తెలియకపోతే డయల్ సగమే పనికొస్తుంది.

• బూస్టర్ పెట్టెలో (అదనపు బొమ్మలుండే మూసిన పెట్టె) ఏ బొమ్మ వస్తుందో తెలీదు. మొదట స్టార్టర్ సెట్టే (కొత్తవాళ్లు ఆట మొదలుపెట్టే సెట్) మేలు, కావాల్సినవి తర్వాత విడిగా కొనుక్కోవచ్చు.

• వంగిన ఆయుధాన్ని చేత్తో బలవంతంగా లాగకండి, విరుగుతుంది. ఆ భాగాన్ని మాత్రం వేడినీళ్లలో కాసేపు ముంచి, సరిచేసి, వెంటనే చన్నీళ్లలో పెట్టండి. డయల్‌కి తడి తగలకూడదు.

• చిన్నపిల్లలుంటే రక్తం, పుర్రెల బొమ్మలు వాళ్ల కంట పడకుండా, చేతికి అందకుండా దాచండి. ఇందులో మొహమాటం వద్దు.

• తొలి ఆట తక్కువ పాయింట్లతో (జట్టులోని బొమ్మల విలువల మొత్తం) ఆడండి.