ల్యూటీన్ ఒంటికి పట్టేలా పాలకూర పప్పు

ఆకుకూరల పచ్చదనం వెనక దాగి ఉండే పసుపు వర్ణకం ల్యూటీన్. కంటి వెనక పొర నడుమ ఉండి సూటి చూపుకు ఆధారమైన మాక్యులాలో ఇదీ, దీని జోడు జియాజాంథిన్‌ చేరి నీలి కాంతిని వడగడతాయి. మన శరీరం వీటిని తయారుచేసుకోలేదు, తిండి నుంచే రావాలి. నీళ్లలో కాక కొవ్వులో కరుగుతాయి కాబట్టి ఎంత ఆకు తిన్నామన్న దానితో పాటు ఎలా వండామన్నదీ చూసుకోవాలి.

100 గ్రాముల పచ్చి పాలకూరలో ఈ రెండూ కలిపి సుమారు 12 మిల్లీగ్రాములు ఉంటాయి. ఇద్దరికి 200 గ్రాముల ఆకు తీసుకోండి. మట్టి పోయేదాకా రెండు మూడు నీళ్లలో కడిగి, ఆ తర్వాతే సన్నగా తరగండి. ఎంత సన్నగా తరిగితే అంతగా కణాల గోడలు తెగి వర్ణకం బయటికొస్తుంది. అర కప్పు కందిపప్పు కుక్కర్లో విడిగా మెత్తగా ఉడికించండి. మూకుట్లో మూడు టీస్పూన్ల నూనె కాచి, ఆవాలు, జీలకర్ర, వెల్లుల్లి, ఎండుమిర్చి వేగాక ఆకు వేసి, మూతపెట్టి మధ్యరకం మంట మీద నాలుగైదు నిమిషాలు మగ్గించండి. పప్పు, పసుపు, ఉప్పు, కాస్త చింతపండు రసం వేసి, ఒక్క పొంగు రాగానే దింపేయండి.

ఆకునూ పప్పుతో పాటే కుక్కర్లో పడేసి నాలుగు విజిల్స్ రానివ్వడం చాలా ఇళ్లలో అలవాటు. అంతసేపు వేడి తగిలితే ల్యూటీన్ కొంత విరిగిపోతుంది. మిగిలిన పప్పును మళ్లీ మళ్లీ మరిగించినా అంతే. పులుపు తగిలి ఆకు మాసిన రంగులోకి మారితే మాత్రం కంగారు అక్కర్లేదు. అది పత్రహరితం మెగ్నీషియం కోల్పోవడం వల్ల వచ్చే మార్పు, ల్యూటీన్ పోయిందని కాదు.

బరువు తగ్గాలని చుక్క నూనె లేకుండా ఉడికిన ఆకు తినేవాళ్లే ఎక్కువ నష్టపోతారు. వాళ్లు పక్కన ఒక ఉడికించిన గుడ్డు పచ్చసొనతో సహా తింటే మేలు. సొనలో ల్యూటీన్ కొద్దిగానే ఉన్నా బాగా పడుతుంది, దాని కొవ్వు ఆకులోని ల్యూటీన్‌కూ తోడవుతుంది.

ల్యూటీన్ మాత్రలు ఎక్కువగా బంతిపూల నుంచి తీస్తారు. 2013లో ఫలితాలు వెలువడిన అమెరికా అధ్యయనం ఏఆర్‌ఈడీఎస్2లో రోజుకు 10 మిల్లీగ్రాముల ల్యూటీన్, 2 మిల్లీగ్రాముల జియాజాంథిన్ ఇచ్చారు. అది అప్పటికే వయసుతో వచ్చే మాక్యులా జబ్బు ఉన్నవాళ్ల మీద చేసినది. మాత్రలు మింగితే కళ్లద్దాలు పోవు, శుక్లం కరగదు.

రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ మందు వాడేవాళ్లు ఆకుకూర ఒక్కసారిగా పెంచొద్దు, అందులోని విటమిన్ కె మందు పనిని తగ్గిస్తుంది. కిడ్నీలో ఆక్సలేట్ రాళ్లు వచ్చినవాళ్లు పాలకూర ఎంత తినవచ్చో డాక్టరును అడగాలి.