వానలో ఆటోక్రాస్: నా కారు గిర్రున తిరగడం ఎలా ఆగింది

సియాటిల్ దగ్గర ఆటోక్రాస్ అంటే వానకు సిద్ధపడే వెళ్లాలి. ఖాళీ పార్కింగ్ లాట్‌లో కోన్లు పెట్టి మలుపుల దారి (కోర్సు) చేస్తారు, ఒక్కొక్కరే ఆ దారిలో నడపాలి, పట్టిన టైమ్ లెక్కిస్తారు. కోన్ తగిలితే ఆ టైమ్‌కు 2 సెకన్లు కలుపుతారు.

నాది పాత మాజ్దా మియాటా, రెండు సీట్ల చిన్న స్పోర్ట్స్ కారు, వెనక చక్రాల డ్రైవ్. పొడి నేల మీద బుద్ధిగా ఉండేది, తడిలో రెండో మలుపుకే గిర్రున తిరిగి వచ్చిన దారి వైపు ముఖం పెట్టేది. టైర్లు అరిగాయనుకుని కొత్తవి వేయించాను. మళ్లీ అదే! డబ్బు దండగ.

ఆ సాయంత్రం కోర్సంతా నడిచి చూశాను. నేను గ్యాస్ (యాక్సిలరేటర్) తొక్కే చోట సరిగ్గా పార్కింగ్ గీతలున్నాయి. ఆ తెల్ల పెయింట్ మీద బూటు పెట్టి రాస్తే సబ్బు రాసిన బండలా జారింది.

తర్వాతి ఈవెంట్‌లో వెనక స్వే బార్ (మలుపులో కారు పక్కకి ఒరగకుండా రెండు పక్కల చక్రాలను కలిపే కడ్డీ) లింకులు విప్పేశాను. దాంతో మలుపులో లోపలి వెనక చక్రం మీద కొంత బరువు నిలిచి, పట్టు పెరిగింది. విప్పిన లింకును జిప్ టైతో కట్టేయాలి, లేకపోతే చక్రానికి తగులుతుంది. కారు నేరుగా ఉన్నప్పుడే బ్రేకు తొక్కి వదిలేయడం, గీతలు దాటి స్టీరింగ్ సర్దుకున్నాకే మెల్లగా గ్యాస్ ఇవ్వడం అలవాటు చేసుకున్నాను. అసలు కష్టం ఇక్కడే, కాలు మాట వినదు.

ఆ రోజు ఒక్కసారీ తిరగలేదు. కోన్ మాత్రం ఒకటి కొట్టాను.