ప్లేస్కూల్ గేటు దగ్గర ఏడుపు: చెప్పే వెళ్ళండి

మా వాణ్ణి మూడో ఏట ప్లేస్కూల్లో వేసినప్పుడు నేను చేసిన మొదటి తప్పు, వాడు బొమ్మల్లో పడగానే చెప్పకుండా జారుకోవడం. ఆ పూట ఏ గొడవా లేదు, హమ్మయ్య అనుకున్నా. మర్నాటి నుంచి మొదలైంది, నేను బాత్రూమ్‌కి వెళ్ళినా తలుపు బాదుతూ ఏడుపు, రాత్రి నిద్రలో కూడా నా చున్నీ కొస పిడికిట్లోంచి వదిలేవాడు కాదు. అమ్మ ఎప్పుడు మాయమవుతుందో తెలియనివాడు కాపలా కాయక ఏం చేస్తాడు మరి!

కాబట్టి చెప్పే వెళ్ళండి. గడప దాటేటప్పుడు "వెళ్తున్నా" అంటే పెద్దవాళ్ళు ఊరుకోరు, "వెళ్ళొస్తా" అనమంటారు కదా, పిల్లలకి కావలసింది ఆ "వస్తా" అన్న ముక్కే. ఎప్పుడొస్తారో వాళ్ళ లెక్కలోనే చెప్పాలి. పన్నెండున్నర అంటే వాళ్ళకేం తెలుస్తుంది, "పెరుగన్నం తిని చెయ్యి కడుక్కునేసరికి గేటు దగ్గరుంటా" అంటే తెలుస్తుంది. అన్నాక ఉండి తీరాలి, మొదటి రెండు వారాలైనా పది నిమిషాలు ముందే వెళ్ళి నిలబడండి.

టాటా చెప్పడం మాత్రం చిటికెలో అయిపోవాలి. ఒక ముద్దు, టీచర్ చేతికి అందించడం, తిరిగి చూడకుండా రావడం. ఏడుపు వినపడగానే వెనక్కెళ్ళి ఎత్తుకుంటే, ఇంకాస్త గట్టిగా ఏడిస్తే అమ్మ వస్తుందని మనమే నేర్పినట్టు. కిటికీలోంచి తొంగి చూడటం కూడా అంతే (నేను చూశాను, దొరికిపోయాను). చాలామంది పిల్లలు మనం కనుమరుగైన కాసేపటికి సర్దుకుంటారు, మీకు టెన్షన్‌గా ఉంటే అరగంట ఆగి ఆయమ్మకి ఫోన్ చేయండి.

అమ్మని అస్సలు వదలని పిల్లల్ని కొన్నాళ్ళు నాన్నో తాతయ్యో దింపితే తేలికవుతుంది. మొదటి వారం గంటా రెండు గంటలే ఉంచుతామని స్కూల్‌వాళ్ళని అడగండి. బ్యాగులో అమ్మ పాత చున్నీ ముక్క ఒకటి పెట్టండి. "అల్లరి చేశావంటే స్కూల్లో వదిలేసి వచ్చేస్తా" అనే బెదిరింపు మాత్రం ఇంట్లో ఎవరి నోటా రాకూడదు, ఈ విషయంలో మా అత్తగారితో చిన్న యుద్ధమే అయింది.

వారాలు గడిచినా రోజంతా ఏడుస్తూ, తిండి మానేసి, నిద్రలో ఉలిక్కిపడుతుంటే పిల్లల డాక్టరుకి చూపించండి, అక్కడ ఏం జరుగుతోందో టీచర్‌నీ గట్టిగా అడగండి. దసరా సెలవులయ్యాక కథ మళ్ళీ మొదటికొచ్చిందని మాత్రం కంగారు పడకండి. మా వాడికి అప్పుడు మూడు రోజులు పట్టింది.